వాలుగకి పొలుసు లేదు, శీలావతికి ఉంది. ఎందుకని?

తణుకు_తమ్ముడు · ఆదివారం ఉదయం 9:14

మార్కెట్లో చేపలు కోయించుకుంటుంటే వచ్చిన సందేహం ఇది. శీలావతిని తోక నుంచి తల వైపు గీకుతుంటే పొలుసులు ఎగిరి పక్కవాళ్ళ చొక్కాల మీద పడుతున్నాయి. పండుగప్ప దగ్గరకొచ్చేసరికి కత్తి సరిపోక ఇంకేదో ఇనప పనిముట్టు తీశాడు. వాలుగని మాత్రం ఊరికే బూడిద రాసి, కడిగి, ముక్కలు కొట్టి ఇచ్చేశాడు. శీలావతి, వాలుగ ఒకే నీళ్ళలో తిరిగేవే కదండీ. ఒకదానికి ఒంటినిండా కవచం, ఇంకోదానికి ఒట్టి తోలు. పొలుసు లేకపోతే బతకలేదంటే వాలుగ ఎప్పుడో అంతరించాలి. లేకపోయినా గడిచిపోతుందంటే శీలావతి ఆ బరువు ఎందుకు మోస్తున్నట్టు? తెలిసినవాళ్ళు చెప్పండి.

వైజాగ్_వల · 9:40

వాలుగ సంగతి తర్వాత. నువ్వెప్పుడైనా సొరని చేత్తో నిమిరావా తమ్ముడూ? తల నుంచి తోక వైపు రాస్తే నున్నగా జారిపోద్ది. అదే చెయ్యి వెనక్కి లాగి చూడు, గీరుకుపోద్ది. సొరకి పొలుసు లేదని చెప్పేవాళ్ళంతా ఒకవైపే రాసి చూసినట్టున్నారు. మా ఇంట్లో పాలసొర వండాలంటే ముందు సలసల కాగే నీళ్ళలో ముంచి తీసి, పైన ఇసుకలా ఉన్నదంతా గీకి పారేయాల్సిందే. బాలింతలకి పెట్టే పిట్టు కదా, రవ్వంత మిగిలినా పంటి కింద కరకరే. సముద్రం ఇసుక అంటుకుందనుకుంటారు చాలామంది. కాదు, అది దాని ఒంటిదే.

జువాలజీ_మాష్టారు · 10:25

వల గారు చెప్పిన ఆ ఇసుకే సొర పొలుసు. నిర్మాణంలో అది అచ్చంగా పన్నే. మధ్యలో రక్తనాళాలున్న గుజ్జు, దాని చుట్టూ డెంటిన్ అనే పంటి ఎముక, పైన ఎనామిల్‌లాంటి గట్టి పూత. సొర పెరిగేకొద్దీ ఈ పొలుసు పెద్దదవదు. పాతవి రాలిపోతుంటే కొత్తవి పుట్టుకొస్తుంటాయి. శీలావతిది పూర్తిగా వేరే పద్ధతి. పలచటి ఎముక పొర, దాని అడుగున కొల్లాజెన్ అనే మాంసకృత్తు పీచు పొరలు పొరలుగా. పిల్లగా ఉన్నప్పుడు ఎన్ని పొలుసులు ఏర్పడ్డాయో దాదాపు చివరిదాకా అన్నే. చేపతో పాటు అవే పెరుగుతాయి. అందుకే లెక్కపెట్టి జాతిని గుర్తుపట్టడం కుదురుతుంది. ఒంటి పక్కన బారుగా కనబడే గీత వెంబడి శీలావతికి 40 పైచిలుకు పొలుసులుంటాయి, కొరమీనుకి 50 దాటుతాయి. ఆ గీతలోని ఒక్కో పొలుసుకీ సన్నని గొట్టం ఉంటుంది. నీటి కదలిక దాని ద్వారానే లోపలి నరాలకి అందుతుంది.

తమ్ముడి ప్రశ్నకి వచ్చే ముందు ఇంకొక్క మాట. పొలుసు చర్మం పైన అతికించింది కాదు. లోపలి చర్మంలో చిన్న గూట్లో పుడుతుంది. బయటికి కనబడే అంచు మీద కూడా బతికున్న పలచని పైచర్మం కప్పుకుని ఉంటుంది. చేపకి జిగురు వచ్చేది ఆ పైచర్మం నుంచే. అంటే పొలుసు ఊడిందంటే అక్కడ చర్మం చిరిగినట్టే. కొట్టు దగ్గర గీకేది చచ్చిన చేపని కాబట్టి మనకి ఆ సంగతి తట్టదు.

కైకలూరు_చెరువులు · 11:02

మాకు బాగా తడుతుందండీ మాష్టారూ. లాగుడు వలతో పిల్ల పట్టి, వ్యాన్‌లో ఎక్కించి, ఇంకో చెరువులో దింపేసరికి కొన్నిటికి పొలుసులు పోతాయి. రెండు మూడు రోజులకి సరిగ్గా అక్కడే తెల్లగా దూది పట్టినట్టు బూజు మొదలవుద్ది. అందుకే దింపే ముందు నూటికి రెండు మూడు పాళ్ళ ఉప్పు నీళ్ళలో ఓ నిమిషం ముంచి వదులుతాం. చేపకి పట్టే పేను కూడా అంతే. పొలుసుల సందులోనో, రెక్కల మొదట్లోనో కరుచుకుని సూది గుచ్చి రక్తం పీలుస్తుంటే, చేప ఆ బాధకి దొరికిన కర్రకల్లా ఒళ్ళు రుద్దుకుని తన పొలుసులు తనే రాల్చుకుంటుంది.

పొలుసులున్న చేపే ఇంత సుకుమారం అయితే, ఏమీ లేని వాలుగ ఎలా నెట్టుకొస్తోంది? తమ్ముడి ప్రశ్న అక్కడే ఉంది.

జువాలజీ_మాష్టారు · 12:15

వస్తున్నా. వాలుగ, జెల్ల, మార్పు, ఇంగిలాయి, ఈ మీసాల చేపలన్నిటి పూర్వీకులకీ పొలుసులు ఉండేవి. తరతరాలుగా పోగొట్టుకున్నాయి. దానికి బదులుగా చర్మం మందమైంది, జిగురు పెరిగింది. మార్కెట్లో బూడిద రాసింది ఆ జిగురు వదలడానికే. మంచినీళ్ళలో చేప ఒంట్లోకి నీరు నిరంతరం చొరబడాలని చూస్తుంటుంది, ఒంట్లో ఉప్పు బయటికి పోవాలని చూస్తుంటుంది. ఈ రాకపోకల్ని అదుపు చేసేది పైచర్మం, దాని జిగురూ. ఎముక బిళ్ళ ఉందా లేదా అన్నది అక్కడ రెండో విషయం. వాలుగకి ఆ చర్మం చెక్కుచెదరకుండా ఉంటుంది. శీలావతికి పొలుసు ఊడినప్పుడల్లా ఆ చర్మమే చిరుగుతుంది. ఊడిన చోట నుంచి ఉప్పు కారిపోతుంది కాబట్టి ఉప్పు నీళ్ళలో ముంచడం వల్ల చేపకి కొంచెం ఊపిరి దొరుకుతుంది. బూజుకి మందుగా పనిచేయడం ఎటూ ఉంది.

ఇక లాభాలు. మీసాల చేపలకి నోట్లోనే కాదు, ఒంటి చర్మమంతా రుచి మొగ్గలుంటాయి. బురద నీళ్ళలో, చీకట్లో తిండి వెతుక్కునేవాడికి కంటికన్నా అది మేలు. ఇంగిలాయి లాంటివి చర్మంతో కూడా కొంత గాలి పీల్చుకుంటాయి. పైన బిళ్ళలు పరిస్తే ఈ రెండూ కుదరవు. మరి రక్షణ? జెల్ల ముల్లు గుచ్చుకున్నవాళ్ళని అడగండి. ఇంగిలాయి ముల్లుకైతే విషం కూడా ఉంది.

నీలి_తొట్టి · 12:50

మాష్టారు చెప్పింది ఆక్వేరియం పెట్టేవాళ్ళు బాగా గుర్తుంచుకోవాలి. తెల్ల మచ్చల జబ్బుకి ఫార్మలిన్, మలకైట్ గ్రీన్ కలిసిన మందు వేసేటప్పుడు సీసా మీదున్న మోతాదు గోల్డ్‌ఫిష్‌కి సరిపోతుంది. అదే తొట్టిలో పొలుసు సరిగా లేని లోచ్ చేపలో, క్యాట్‌ఫిష్‌లో (మీసాల చేపలే) ఉంటే సగంతో మొదలుపెట్టమంటారు. వాటి చర్మం మందుని త్వరగా లాగేస్తుంది.

ఇంకోటి. గోల్డ్‌ఫిష్‌కి పొలుసులన్నీ నిక్కబొడుచుకుని పైనుంచి చూస్తే ఒళ్ళంతా ముళ్ళు లేచినట్టు కనబడితే, దాన్ని పొలుసు జబ్బు అనుకుని పైపైన మందు పూయకండి. మూత్రపిండాలు పాడై, తరచూ బాక్టీరియా వల్ల, ఒంట్లో నీరు చేరి పొలుసు గూళ్ళని లోపల్నుంచి నెడుతోందన్నమాట. ఆ దశలో చేపలు దక్కడం చాలా తక్కువ.

కైకలూరు_చెరువులు · 1:05

మా బొచ్చెలకీ వస్తుంది అది. పొలుసు లేచిందంటే ఆ చేపని తీసి పారేయడమే.

తణుకు_తమ్ముడు · సాయంత్రం 6:30

ఉదయం మిగిలిన పొలుసులు రెండు కడిగి, ఆరబెట్టి, ఫోన్ కెమెరాకి భూతద్దం అడ్డంపెట్టి చూశాను. శీలావతి పొలుసు సగం తెల్లగా గాజులా, సగం ముదురు రంగులో ఉంది. మధ్య నుంచి అంచు దాకా గుండ్రంగా సన్నని గీతలు, ఒకచోట దూరం దూరంగా, ఇంకోచోట ఒత్తుగా. పండుగప్పది వేరుగా ఉంది, ఒక అంచున సన్నని పళ్ళు, గోటికి తగులుతున్నాయి. ఇవేంటి మాష్టారూ?

జువాలజీ_మాష్టారు · 7:45

శభాష్. తెల్లగా గాజులా ఉన్నది గూటి లోపల దాగిన భాగం. రంగున్నది బయటికి కనబడేది. ముందు పొలుసు వెనక పొలుసు మీద ఎక్కి ఉండటం వల్ల ఒంటి మీద ఎక్కడ చూసినా రెండు మూడు పొరల మందం వస్తుంది, అయినా ఒళ్ళు వంగుతుంది. పండుగప్ప అంచుకున్న పళ్ళు ఆ రకం చేపల గుర్తు. గొరకకీ ఉంటాయి. చేత్తో పట్టుకుంటే గరుగ్గా తగిలేది అందుకే.

గీతలు ఎదుగుదల లెక్క. తిండి బాగా దొరికి చేప పెరిగిన కాలంలో గీతలు ఎడంగా పడతాయి, ఎదుగుదల మందగించిన కాలంలో దగ్గరపడతాయి. చలిదేశాల్లో ప్రతి చలికాలానికీ ఒక ఒత్తు పట్టీ పడుతుంది కాబట్టి వయసు చెప్పేయొచ్చు. నార్వేలో యోహాన్ యోర్ట్, ఐనార్ లీ అనే ఇద్దరు హెర్రింగ్ చేపల పొలుసులు వేలకొద్దీ చదివారు. చదివితే తేలిందేమిటంటే, 1904లో పుట్టిన చేపలే ఏడాది తర్వాత ఏడాది వలల్లో ఎక్కువగా పడుతున్నాయి. ఆ ముందూ వెనకా పుట్టినవి చాలా తక్కువ. అప్పటిదాకా చేపలు తగ్గితే వలస పోయాయనుకునేవారు. ఏ సంవత్సరం పిల్లలు ఎక్కువ బతికాయన్న దాన్నిబట్టే తర్వాత పదేళ్ళ వేట నడుస్తుందని యోర్ట్ 1914లో చెప్పాడు. ఇవాళ్టికీ సముద్ర చేపల లెక్కలకి పునాది అదే. నా దృష్టిలో పొలుసు మనిషికి చేసిన అతిపెద్ద ఉపకారం ఇది, ఇంకేదీ దీనికి సాటిరాదు.

మన దగ్గర చలి అంత లేదు. మన నదుల చేపల్లో గుడ్లు పెట్టే కాలం, మేత తగ్గే కాలం ఆ గుర్తులు వేస్తాయి, వాటిని చదవడానికి అనుభవం కావాలి.

కైకలూరు_చెరువులు · 8:10

అయితే మా చెరువుల్లో చేప పొలుసు చూస్తే నవ్వొస్తుందేమో. పిల్లని ఏడాది పాటు ఒత్తుగా వేసి, కావాలనే ఎదగనివ్వకుండా ఆపుతాం. తర్వాత పెద్ద చెరువులోకి మార్చి తవుడు పెడితే ఒక్కసారిగా ఉబ్బినట్టు పెరుగుద్ది.

జువాలజీ_మాష్టారు · 8:22

అదంతా గీతల్లో ఉంటుంది. మధ్యలో ఒత్తుగా, ఆ తర్వాత హఠాత్తుగా ఎడంగా. తమ్ముడు చూసిన పొలుసు చెరువు చేపదే అనుకుంటా. ఒక్క జాగ్రత్త. ఊడిపోయిన చోట చేప కొత్త పొలుసు త్వరత్వరగా పెంచుకుంటుంది. దాని మధ్యలో గీతలుండవు, ఖాళీగా ఉంటుంది. వయసు చూడాలంటే అది పనికిరాదు, ఇంకోటి తీయాలి.

గోదారి_గట్టు · 8:40

మా పులస సంగతి ఎవరూ ఎత్తలేదేంటండీ బాబూ. దాని పొలుసు ఇలా తడిమితే అలా ఊడొస్తుంది, శీలావతిలా కుస్తీ పట్టక్కర్లేదు. కానీ పొట్ట అడుగున వేలు పెట్టి రాస్తే రంపమే. వరదకి ఎదురీదే చేపకి అడుగున రంపం ఎందుకో?

జువాలజీ_మాష్టారు · 9:05

పొట్ట అంచున పొలుసులే ముదిరి మొనదేలిన ఎముక బిళ్ళలయ్యాయి. కవ్వలకీ చిన్నగా ఉంటాయి. గుంపులుగా వెండిరంగులో తిరిగే చేపలకి కింద నుంచి వచ్చే శత్రువే ఎక్కువ. పొట్ట అంచు పదునుగా ఉంటే కింద నీడ పడదు, కరిచేవాడికి నొప్పి కూడా. ఆ మెరుపు మాత్రం ఎముకది కాదు, గ్వానిన్ అనే పదార్థం పలకలు పలకలుగా చర్మంలో పేరుకుని అద్దంలా వెలుగుని తిప్పికొడుతుంది. పూర్వం పారిస్‌లో జపమాలలు చేసే ఒకాయన ఒక చిన్న నదిచేప పొలుసుల నుంచి ఆ మెరుపు తీసి గాజుపూసల లోపల పూసి ముత్యాలుగా అమ్మాడు. ఆ వ్యాపారం చాలా ఏళ్ళు నడిచింది.

కరీంనగర్_గాలం · 9:30

మా దిక్కు కొర్రమట్ట ముచ్చట చెప్తా. తొలకరికి చెరువుల నుంచి ఒర్రె పట్టుకొని పొలాలల్లకు ఎక్కుతది. నీళ్ళు లేని గడ్డి మీద కూడ పాకుతది. దాని తలకాయ మీద గూడ పెద్ద పెద్ద పొలుసులుంటయి, పామసొంటి తలకాయ అనేది గందుకే. గాలి పీలుస్తది సరే, ఎండకు ఒళ్ళు ఆరిపోకుంట ఎట్ల ఉంటది?

జువాలజీ_మాష్టారు · 9:48

పొలుసు మీద దట్టంగా జిగురు. పొలుసుల సందుల్లో తడి నిలుస్తుంది, పాకేటప్పుడు రాపిడి పొలుసు మీద పడుతుంది. రెండూ కలిసి ఆ కాస్త దూరం గట్టెక్కిస్తాయి. ఎండ ముదిరాక ఎక్కువసేపు ఉంటే అదీ చస్తుంది. తెలంగాణ రాష్ట్ర చేప కదా, మీ దిక్కు వాళ్ళు దాన్ని వెనకేసుకు రావడంలో తప్పులేదు.

హ్యూస్టన్_సుబ్బు · సోమవారం ఉదయం 6:10

ఇక్కడ ట్రినిటీ నదిలో అలిగేటర్ గార్ అని మనిషంత పొడవు పెరిగే చేప ఉంది. మొసలి మూతి. నాతో పనిచేసే ఒకతను పట్టి తెచ్చి కోస్తుంటే చూశాను. కత్తి ముట్టుకోలేదు, రేకులు కత్తిరించే కత్తెర తీశాడు. పొలుసులు మన చేపలకిలా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండవు. డైమండ్ ఆకారంలో పక్కపక్కన ఒకదానికొకటి బిగించి ఉంటాయి, పైన పింగాణీ పూతలా మెరుపు. వేలితో కొడితే టకటకమంది. ఇక్కడి ఆదివాసులు వాటిని బాణాల మొనలకి వాడేవారట. మనవాళ్ళకి ఒక హెచ్చరిక: దీని జన విషం. చేప జన కనబడితే వేపుడే అనుకునే అలవాటు మనది కదా, దీన్ని మాత్రం ముట్టుకోకండి.

ఇంకో తమాషా. యూదులు రెక్కలూ పొలుసులూ ఉన్న చేపనే తింటారు. కానీ ఒంటినిండా పొలుసులున్న గార్ వాళ్ళకి నిషిద్ధమే! చర్మం చిరక్కుండా ఊడొస్తేనే వాళ్ళ లెక్కలో పొలుసు. సొరదీ చెల్లదు.

జువాలజీ_మాష్టారు · 8:30

గార్‌ది చాలా పాతకాలపు నమూనా. దాని బరువు, బిగుతు చూస్తే తమ్ముడు అడిగిన బరువు మాట అర్థమవుతుంది. ఎక్కువ చేపల్లో కాలం గడిచేకొద్దీ పొలుసు పలచబడుతూ వచ్చింది. గట్టి కవచం మోసేవాడు వేగంగా తిరగలేడు.

పలచబడుతూనే గట్టిగా ఉండటం ఎలాగో అమెజాన్‌లోని అరపైమా అనే పెద్ద చేప చూపిస్తుంది. మన రైతులు పెంచే రూప్‌చంద్ ఉంది చూశారూ, అది పదునైన పళ్ళతో కొరికే పిరాన్యా చేపకి చుట్టం, అక్కడిదే. పిరాన్యాలున్న నీళ్ళలోనే అరపైమా నిశ్చింతగా తిరుగుతుంది. దాని పొలుసు మన అరచేతి పొడవు దాకా ఉంటుంది. పైపొర ఖనిజంతో గట్టిగా ఉండి పంటిని ఆపుతుంది. లోపలి కొల్లాజెన్ పొరలు ఒక్కోటీ ఒక్కో దిక్కుకి తిరిగి ఉండటంతో, పగులు ఒక దారిన సాగలేక ఆగిపోతుంది. కాలిఫోర్నియా పరిశోధకులు పిరాన్యా పన్నుని యంత్రంతో దాని మీద నొక్కి చూస్తే, పొలుసులోకి కొంత దిగి, మాంసం చేరేలోపే పన్ను విరిగింది.

వైజాగ్_వల · 9:15

వేగం మాట వచ్చింది కాబట్టి నేను మళ్ళీ వస్తా. సూర చేపని చూడండి. కొన్ని రకాల్లో రొమ్ము చుట్టూ కవచంలా ముదురు పొలుసులుంటాయి, అక్కడి నుంచి వెనక్కి ఒళ్ళు దాదాపు నున్నన. పారకి తోక దగ్గర మాత్రం బిళ్ళలు వరసగా పొడుచుకొచ్చి ఉంటాయి. చూడకుండా తోక పట్టుకుంటే చెయ్యి కోసేస్తాది. అదీ పొలుసేనా మాష్టారూ?

జువాలజీ_మాష్టారు · 9:40

పొలుసే, ముదిరింది. ముళ్ళు లేపుకుని బంతిలా ఉబ్బే ముళ్ళచేప ముళ్ళు కూడా పొలుసు నుంచి వచ్చినవే.

సొర పొలుసు మీద మాత్రం మనుషులు ఇంకా పాఠాలు నేర్చుకుంటున్నారు. పంటి పొలుసుల మీదున్న సన్నని గాళ్ళు నీటి రాపిడిని తగ్గిస్తాయి. మాకో అనే జాతి సొరకి ఒంటి పక్కన పొలుసులు వదులుగా ఉండి, ఒంటిని ఒరుసుకునే నీరు వెనక్కి తిరగబోయే చోట పైకి లేచి దాన్ని అడ్డుకుంటాయి. సొర పొలుసు గాళ్ళని చూసి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కి ఈతగాళ్ళకి సొర చర్మం పేరుతో దుస్తులు అమ్మారు. 2012లో హార్వర్డ్ వాళ్ళు అసలు సొర చర్మం ముక్కని నీళ్ళలో ఈదించి చూశారు. పొలుసులు ఉన్నప్పుడు, గీకేసినప్పటికన్నా 12 శాతం వేగంగా కదిలింది. ఆ దుస్తుల గుడ్డ గరుకు వల్ల మాత్రం అలాంటి లాభం కనబడలేదు. ఆ ప్రయోగంలో చర్మం ఒంగుతూ ఉంటేనే ఆ పొలుసు పనిచేసింది. విమానాలకి నయం. జర్మనీ విమాన సంస్థ లుఫ్తాన్సా 2023 నుంచి కొన్ని సరుకు విమానాలకి అలాంటి గాళ్ళున్న పొర అంటించి సుమారు ఒక శాతం ఇంధనం మిగుల్చుకుంటోంది.

నీలి_తొట్టి · 10:20

పొలుసులే తిని బతికే చేపలున్నాయి, ఎవరూ చెప్పలేదు! ఆఫ్రికాలో టాంగన్యికా సరస్సులో సిక్లిడ్ కుటుంబానికి చెందిన ఒక చేప జాతి వెనక నుంచి వచ్చి పక్కనే కొరికి పొలుసులు లాక్కుపోతుంది. వాటిలో కొన్నిటికి నోరు కుడికి వంకర, కొన్నిటికి ఎడమకి. ఒకటి ఎప్పుడూ ఎడమ పక్క దాడి చేస్తే, రెండోది కుడిపక్క. మిచియో హోరి అనే జపాన్ ఆయన 1993లో చూపించింది ఏంటంటే, కుడివంకరవి ఎక్కువైతే తక్కిన చేపలు అవి దాడి చేసే పక్కకే కాపలా కాస్తాయి, అప్పుడు ఎడమవంకరవాటికి పండగ. అలా రెండూ సగంసగం దగ్గరే ఊగుతుంటాయి. మన నదుల్లో గాజులా లోపలి ఎముకలు కనబడే చందా నామ కూడా పెద్ద చేపల పొలుసులు కొరుక్కుతింటుంది.

కైకలూరు_చెరువులు · 11:30

అలాంటిది చెరువులో పడితే మాకు తెల్లారినట్టే. మా బాధ ఇప్పుడు దెయ్యం చేపతో. ఆక్వేరియంల నుంచి వదిలేస్తే వచ్చిందంటారు. ఒంటినిండా ఎముక పలకలు, వలకి చిక్కితే వల చిరిగిపోవాల్సిందే. కొంగ కూడా మింగదు. అది మీసాల చేపే కదా మాష్టారూ, మీరేమో మీసాలవాటికి పొలుసు పోయిందన్నారు?

జువాలజీ_మాష్టారు · 12:05

పోయిన పొలుసు తిరిగి రాలేదు. దాని వంశం దక్షిణ అమెరికాలో ఆ నున్నటి చర్మంలోనే కొత్తగా ఎముక పలకలు పెంచుకుంది. పలకల మీద పంటిలాంటి చిన్న ముళ్ళు కూడా ఉంటాయి. వాలుగ ఎంచుకున్న దారిలో అంత దూరం వెళ్ళి, మళ్ళీ వేరే రకం కవచం తొడుక్కున్న చేప అది. నీటి నమూనాలోని డీఎన్‌ఏని బట్టి దీని జాడ పట్టే పద్ధతి హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ళు తయారుచేశారు. ఆక్వేరియం చేపల్ని చెరువుల్లో, కాలవల్లో వదలకండని నీలి_తొట్టి లాంటివాళ్ళే గట్టిగా చెప్పాలి.

నీలి_తొట్టి · 12:20

చెబుతూనే ఉన్నాం మాష్టారూ. తొట్టి పాచి తింటుందని వేలెడంత కొంటారు, మూరెడు పెరిగాక కాలవలో వదిలేసి పుణ్యం అంటారు. కొట్టువాళ్ళు వెనక్కి తీసుకోవాలి, లేదా అమ్మేటప్పుడే ఎంత పెరుగుతుందో చెప్పాలి.

తణుకు_తమ్ముడు · 1:15

చివరి ప్రశ్న. మార్కెట్లో బుట్టలకొద్దీ పారేస్తున్న ఈ పొలుసులు ఎవరైనా కొంటారా?

కైకలూరు_చెరువులు · 1:40

కొంటారు తమ్ముడూ. బెంగాల్ వైపు ఎప్పట్నుంచో ఉంది, కొల్లాజెన్, జెలటిన్ తీయడానికి. పేగులు, మొప్పలు కలవకూడదు. గీకిన రోజే కడిగి, పరిచి, గలగలమనేలా ఎండబెట్టాలి. తడి ఉంటే పురుగు పడుద్ది, బస్తా వెనక్కొస్తుంది. శీలావతి, బొచ్చె లాంటి పెద్ద పొలుసులే అడుగుతారు. మీ మార్కెట్లో కోసేవాళ్ళు నలుగురు కలిస్తే తప్ప బండి ఖర్చు కూడా రాదు, ముందు అది లెక్కేసుకో.